బెన్ అంటే రా, మరి రాకు అంటే నో బెంగాస్ ఎందుకు?

స్పానిష్ నేర్చుకుంటున్నానండి, బెనీర్ (రావడం) దగ్గర ఆగిపోయా. రా అంటే బెన్, కానీ రాకు అంటే నో బెన్ కాదంట, నో బెంగాస్ అంట. మధ్యలో ఆ గ ఎక్కడ్నుంచొచ్చింది? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

↳ ఆ గ బెంగో లోదండి. నేను వస్తా అనడానికి బెంగో అంటారు కదా, దాని చివరి ఓ తీసేసి ఆ పెట్టండి, బెంగా, బెంగాస్, బెంగామోస్, బెంగాన్, సబ్జంక్టివ్ (కోరిక, సందేహం, ఇంకా జరగని పని చెప్పేటప్పుడు వాడే క్రియారూపం) వచ్చేసినట్టే. వద్దు అని చెప్పే ఆజ్ఞకి స్పానిష్‌లో విడిగా రూపం లేదు, ఈ సబ్జంక్టివ్‌కే ముందు నో తగిలిస్తారు. నో బెంగాస్ తార్దే అంటే లేటుగా రాకు. మర్యాదగా రండి అనాలన్నా ఇదే, ఒక్కరైతే బెంగా, ఎక్కువమందైతే బెంగాన్. సొంత రూపం ఉన్నదల్లా చనువున్నవాళ్ళని రమ్మనేటప్పుడే, బెన్ అని. అర్జెంటీనాలో దాన్నే బెనీ అంటారు, స్పెయిన్‌లో ఫ్రెండ్స్ నలుగురుంటే బెనీద్.

తెనేర్ (కలిగి ఉండటం), పొనేర్ (పెట్టడం), సలీర్ (బయటికెళ్ళడం) కూడా ఇదే దారి. తెంగో, తెన్, నో తెంగాస్. పొంగో, పొన్, నో పొంగాస్. సల్గో, సల్, నో సల్గాస్. కాబట్టి ఏ క్రియ నేర్చుకున్నా ముందు "నేను" రూపం బట్టీ పట్టండి, నా మాట వినండి, టేబుల్ మొత్తం పట్టక్కర్లేదు. ఆ రూపం ఓ తో ముగియనివి ఆరే ఉన్నాయి, దార్, ఎస్తార్, అబేర్, ఈర్, సబేర్, సేర్, వాటిని మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే.

↳ థాంక్సండి, ఇప్పుడు క్లియర్. మరి ఆజ్ఞ కానప్పుడు బియెనెస్ (నువ్వొస్తావు, మామూలు రూపం) ఎప్పుడు, బెంగాస్ ఎప్పుడు?

↳ మనకి ఇది తెలుగులోనే కొంత దొరుకుతుంది. నువ్వొస్తావని తెలుసు అంటే సే కే బియెనెస్, నువ్వు రావాలని ఉంది అంటే కియేరో కే బెంగాస్. వస్తావని, రావాలని, ఈ తేడా మన చెవికి బాగా తెలుసు. కానీ అన్నిచోట్లా దీన్నే నమ్ముకోకండి, వస్తావనుకుంటున్నా అంటే క్రేయో కే బియెనెస్, వస్తావనుకోను అంటే మాత్రం నో క్రేయో కే బెంగాస్, తెలుగులో రెండిట్లోనూ వస్తావనే ఉంది చూడండి. ఒహలా (అరబ్బీలోంచి వచ్చిన మాట, దేవుడి దయ ఉంటే అన్నట్టు) వస్తే ఇంక ఆలోచించక్కర్లేదు, ఒహలా బెంగా, వస్తే బాగుండు.

అందరూ తడబడేది క్వాందో (అప్పుడు, వచ్చినప్పుడు అనేలాంటిది) దగ్గర. వచ్చినప్పుడల్లా రొట్టె తెస్తుంది అంటే క్వాందో బియెనే, త్రాయే పాన్. ఈసారి వచ్చినప్పుడు తెస్తుంది, అంటే ఇంకా రాలేదు, అప్పుడు క్వాందో బెంగా, త్రాయెరా పాన్. జరిగిపోయిందైతే సబ్జంక్టివ్ ఊసే లేదు, క్వాందో బీనో, అంటే వచ్చినప్పుడు (వచ్చేసింది).

ఇంకోటి, స్పెయిన్‌వాళ్ళు ఫోన్ పెట్టేసేముందు బెంగా, అస్తా లువేగో (మళ్ళీ కలుద్దాం) అంటారు, అక్కడ బెంగా అంటే ఎవర్నో రమ్మనడం కాదు, సరే మరి ఉంటా అని.