ఫిట్టర్ పాసయ్యాక పరవాడలో అప్రెంటిస్‌షిప్: పెందుర్తి నుంచి రోజూ వెళ్లి రావచ్చా?

పెందుర్తి అమ్మ

అందరికీ నమస్తే. మా బాబుకి పంతొమ్మిదేళ్లు. కంచరపాలెంలో ఐటీఐ ఫిట్టర్ చదివి ఈమధ్యే పాసయ్యాడు. ఇప్పుడు రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పెట్టుకుంటే వచ్చింది, ఏడాది ట్రైనింగ్. స్టైపెండ్ ఎంత అంటే "రూల్ ప్రకారం" అంటున్నారు. రెండోది, గాజువాకలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి "అప్రెంటిస్ కిందే పెట్టిస్తాం, నెలకి 12,000, ముందు కొంత డబ్బు కట్టాలి" అంటున్నారు.

మా ఆయన లారీ మీద ఉంటారు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండరు. ఇంట్లో ఈ విషయాలు తెలిసినవాళ్లు లేరు. పరవాడ షిఫ్ట్ ఉదయం ఆరింటికి మొదలట. పెందుర్తి నుంచి ఆ టైముకి ఎలా వెళ్తాడన్నదే పెద్ద టెన్షన్. పాప కూడా ఉంది, ఎనిమిదో తరగతి. గవర్నమెంట్ హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు ఆటోలో వెళ్తోంది, పిల్లల్ని కుక్కి ఎక్కిస్తున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డాక్‌యార్డ్ రోడ్ ఫిట్టర్

అక్కా, కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. అప్రెంటిస్‌షిప్‌కి అభ్యర్థి డబ్బు కట్టాల్సిన పనే లేదు. డబ్బు కట్టమంటున్నారంటే మీ వాణ్ణి ఏదో కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా తోస్తారు. ఏడాది పని చేశాక చేతిలో ఏ కాగితమూ ఉండదు. గాజువాకలో నాతో చదివినవాళ్లు కొందరు అలాగే ఇరుక్కున్నారు.

ఇక పరవాడది. చేరే ముందు పోర్టల్‌లో బాబు లాగిన్‌లోకి వెళ్లి కాంట్రాక్ట్ తెరవండి. మూడు విషయాలు చూడండి. కాంట్రాక్ట్‌కి రిజిస్ట్రేషన్ నంబరు పడిందా, స్టైపెండ్ అంకె ఎంత రాశారు, అన్నిటికన్నా ముఖ్యం, ట్రేడ్ పేరు ఏం రాశారు. ఫిట్టర్ చదివినవాడికి "ఫిట్టర్" అని డిజిగ్నేటెడ్ ట్రేడ్‌లోనే, అంటే ప్రభుత్వం నోటిఫై చేసిన ట్రేడ్‌లోనే రాయాలి. అప్పుడే ఏడాది చివర ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తీసుకోగలడు. దాన్నే మేం ఎన్‌ఏసీ అంటాం. కొన్ని ఫార్మా కంపెనీలు "ప్రొడక్షన్ అసిస్టెంట్" లాంటి ఆప్షనల్ ట్రేడ్‌లో, అంటే కంపెనీ తనే పెట్టుకున్న ట్రేడ్‌లో రాసేస్తాయి. అందులో చేరినవాళ్లు ఏడాదంతా డ్రమ్ములు దొర్లించి వచ్చేస్తారు. పంపు అలైన్‌మెంట్, సీల్ మార్చడం, వాల్వ్ ఓవర్‌హాలింగ్ చేతికి రావాలంటే మెయింటెనెన్స్ షాపులో ఉండాలి.

ఇంకో సంగతి. ఒక ట్రేడ్‌లో అప్రెంటిస్‌షిప్ ఒకసారే. ఇక్కడ చేరి పూర్తి చేశాక షిప్‌యార్డో, స్టీల్ ప్లాంటో, హెచ్‌పీసీఎల్ రిఫైనరీయో నోటిఫికేషన్ ఇస్తే అదే ట్రేడ్‌కి మళ్లీ పెట్టుకోవడానికి ఉండదు. "ఇంతకుముందు అప్రెంటిస్‌షిప్ చేసినవారు అనర్హులు" అని ఆ నోటిఫికేషన్లలోనే రాస్తారు. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలుకి రాత పరీక్ష ఉంటుంది. బాబుకి మార్కులు బాగా ఉంటే అవి కూడా చూసుకుని నిర్ణయం తీసుకోండి.

ఆటోనగర్ హెచ్‌ఆర్

నేను ఆటోనగర్‌లో ఒక యూనిట్‌లో ఈ కాగితాలే చూస్తాను. కంపెనీల వైపు నుంచి కొంచెం చెబుతాను.

1961 అప్రెంటిసెస్ చట్టం, దాని కింద 2019లో మారిన నియమాల ప్రకారం 30 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. కాంట్రాక్ట్ వాళ్లని కూడా ఆ లెక్కలో కలుపుతారు. మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మధ్య. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నవాళ్లకి ఇష్టమైతేనే. అదే 2019 నియమాల్లో ఐటీఐ పాసైనవాళ్లకి కనీస స్టైపెండ్ నెలకి 7000, డిప్లొమాకి 8000, డిగ్రీకి 9000 అని పెట్టారు. 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ దీన్ని 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. మీ బాబు కాంట్రాక్ట్‌లో ఏ అంకె ఉందో అదే చూడండి, నోటి మాట నమ్మకండి. కనీసం కన్నా ఎక్కువ ఇవ్వడానికి కంపెనీకి అడ్డేమీ లేదు.

2016లో మొదలైన ఎన్‌ఏపీఎస్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్) పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1500, కేంద్రం ఇస్తుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా పిల్లల ఖాతాలో పడుతోంది. ఖాతాకి ఆధార్ సీడింగ్, అంటే ఆధార్ నంబరు కలపడం, లేకపోతే ఆగిపోతుంది. చేరకముందే బ్యాంకుకి వెళ్లి అది చేయించండి. కంపెనీ వాటా తర్వాతి నెల 10వ తేదీలోపు రావాలి.

పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ ట్రైనీ, వర్కర్ కాదు. ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు. ఇది ముందే తెలిసి చేరితే మంచిది.

పెందుర్తి అమ్మ

చాలా థాంక్స్ అండీ. ఈఎస్ఐ లేదంటే భయంగా ఉంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది పోయారు కదా. ఫార్మా అంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.

ఆటోనగర్ హెచ్‌ఆర్

ఆ భయం న్యాయమైనదే మేడం. ప్రమాదకర పరిశ్రమల్లో 18 ఏళ్లు నిండనివాళ్లని అప్రెంటిస్‌గా తీసుకోకూడదు, మీ బాబుకి ఆ ఇబ్బంది లేదు. ట్రైనింగ్‌లో గాయమైతే పరిహారం చెల్లించే బాధ్యత యజమానిదేనని చట్టంలో 16వ సెక్షన్ చెబుతోంది. చేరిన మొదటి రోజే సేఫ్టీ ట్రైనింగ్ ఎక్కడ, ఎన్నాళ్లు ఇస్తారు, షూస్, హెల్మెట్, మాస్కు కంపెనీ ఇస్తుందా అని అడగండి. రియాక్టర్ ఏరియాలో, అంటే రసాయనాలు కలిపే ట్యాంకుల దగ్గర, ఒంటరిగా వదలకూడదు. ఇది గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు.

లంకెలపాలెం రూమ్

రూటు గురించి నేను చెబుతాను. మాది గోపాలపట్నం. పరవాడలో అప్రెంటిస్ చేశాను.

పెందుర్తి నుంచి గోపాలపట్నం, ఎన్‌ఏడీ జంక్షన్, గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి, లంకెలపాలెం, అక్కడి నుంచి లోపలికి పరవాడ. గాజువాక, కూర్మన్నపాలెం వరకు సిటీ బస్సులకి కొదవ లేదు. ఇబ్బందల్లా తెల్లవారుజామున, లంకెలపాలెం దాటాక. ఆరింటి షిఫ్ట్‌కి వెళ్లాలంటే బస్సులు, షేర్ ఆటోలు కలుపుకుంటూ పోలేం. ఒక్క చోట ఆలస్యమైతే గేటు దగ్గర ఆబ్సెంట్. స్టైపెండ్‌లో మూడో వంతు దాకా ఆటోలకే పోయిన నెలలు ఉన్నాయి.

అందుకని నేను, ఇంకో ముగ్గురం కలిసి లంకెలపాలెంలో రూము తీసుకున్నాం. అద్దె, వంట కలిపి లెక్క వేసుకున్నా రోజూ తిరగడం కంటే తక్కువే అయింది, నిద్ర కూడా మిగిలింది. కానీ ఇంటికి పంపడానికి డబ్బులేమీ మిగలలేదు. ఇది ఉన్నమాట.

అన్నిటికన్నా ముందు కంపెనీ బస్సు సంగతి అడగండి. ఫార్మా సిటీలో చాలా కంపెనీలు ఎన్‌ఏడీ, గాజువాక వైపు నుంచి స్టాఫ్ బస్సులు నడుపుతాయి. అప్రెంటిస్‌లని ఎక్కించుకుంటారా లేదా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. మా దగ్గర మొదట ఎక్కించుకోలేదు. అందరం కలిసి రాసి ఇచ్చాక సీటు ఖాళీ ఉంటే ఎక్కమన్నారు. చేరే రోజునే అడిగి, ఏ స్టాపు, ఎన్నింటికి అన్నది మెయిల్‌లో తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఎలక్ట్రీషియన్ గుంట

అమ్మాయిల సంగతి కూడా రాస్తే ఇంకెవరికైనా పనికొస్తుంది. నేను ఎలక్ట్రీషియన్ చదివి ఇప్పుడు అప్రెంటిస్ చేస్తున్నాను, జనరల్ షిఫ్ట్.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత బస్సు, స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. నెలంతా ఆర్టీసీ ఛార్జీ లేదు కాబట్టే నేను దూరమైనా ఈ కంపెనీ ఎంచుకోగలిగాను. లేకపోతే ఇంటి దగ్గరే ఏ జిరాక్స్ షాపులోనో కూర్చునేదాన్ని. ఏసీ బస్సుల్లో చెల్లదు, అది గుర్తుపెట్టుకోండి.

చివరి రెండు కిలోమీటర్లకి మాత్రం ఆటోయే. సాయంత్రం చీకటి పడ్డాక హైవే మీద నిలబడటం నాకు ఇష్టం లేదు. మా నాన్న వచ్చి తీసుకెళ్తారు, అందరికీ అలా వచ్చేవాళ్లు ఉండరు కదా.

ఇంకొకటి. ఓవర్‌టైం ఉండమంటే ఉండాల్సిన పని లేదు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా అప్రెంటిస్‌తో ఓవర్‌టైం చేయించకూడదని చట్టంలోనే ఉంది. మా సూపర్‌వైజర్‌కి ఈ మాట మర్యాదగా చెప్పాను, మళ్లీ అడగలేదు.

మధురవాడ నుంచి

పీఎం ఇంటర్న్‌షిప్ అని ఇంకొకటి ఉంది కదా, దానికి పెట్టించొచ్చుగా? నెలకి 5000 అని విన్నాను.

ఆటోనగర్ హెచ్‌ఆర్

అది 2024లో వేరేగా మొదలైంది, అప్పట్లో 21 నుంచి 24 ఏళ్లవాళ్లకి. ఆ లెక్కన ఈ బాబుకి వయసు చాలదు. పైగా అందులో ట్రేడ్ టెస్ట్, ఎన్‌ఏసీ ఉండవు. ఫిట్టర్‌కి దానికన్నా ఇదే మేలు.

స్కూల్ టీచర్ సబ్బవరం

అమ్మా, పాప గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నేను ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నాను.

ఎనిమిదో తరగతి వరకు బడి మూడు కిలోమీటర్లు దాటి ఉంటే సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ బడుల పథకం కింద రవాణా భత్యం ఉంది. ఏడాదికి 6000 వరకు, అంటే పది నెలలకి నెలకి 600 చొప్పున. హెడ్‌మాస్టర్ గారు పేరు పంపితేనే వస్తుంది, ఇంటి దగ్గర్లో వేరే బడి లేదని చూపించాలి. మీరు బడికి వెళ్లి జాబితాలో పాప పేరు ఉందో లేదో అడగండి. ఇలాంటివి తల్లిదండ్రులు అడిగిన చోటే కదులుతాయి. 2021లో ఈ భత్యాన్ని ఎనిమిది తర్వాతి తరగతులకీ పొడిగించారు, అయినా ఆలస్యం చేయకుండా ఈ ఏడాదే అడగండి.

బస్సు ఉన్న రూటైతే పాపకి టికెట్టే అక్కర్లేదు, పైన అమ్మాయి చెప్పిన పథకం ఆడపిల్లలకీ వర్తిస్తుంది. ఆటోలో కుక్కి ఎక్కిస్తున్నారంటే మాత్రం నాకు మనసు ఒప్పదు. ప్రైవేటు స్కూలు బస్సులకి వేసవిలో రవాణా శాఖ ఫిట్‌నెస్ చూస్తుంది, బడులు తెరిచేటప్పుడు తనిఖీలు జరుగుతాయి. ఆటోలకి అంత పట్టింపు లేదు. మీ వీధిలో ఆ బడికి వెళ్లే పిల్లల తల్లులంతా కలిసి ఆటో అతనితో ఇంతమందికి మించి వద్దని మాట్లాడుకోండి. మా ఊళ్లో అలాగే చేశారు, ఒక్కో ఇంటికి కొంచెం ఎక్కువ పడింది, అయినా అందరూ ఒప్పుకున్నారు.

డీజిల్ షెడ్ అన్న

రైల్వే మాట ఒకటి. చట్టం కింద రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకి లెవెల్-1, అంటే అన్నిటికన్నా కింది స్థాయి పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. పరీక్ష రాయాలి, తప్పదు. కానీ బయట కంపెనీల్లో చేసినవాళ్లకి అది వర్తించదు. బాబుకి రైల్వే మీద ఆశ ఉంటే అక్కడి అప్రెంటిస్ నోటిఫికేషన్ వచ్చే వరకు ఆగడం మంచిది. రైల్వేలో టెన్త్, ఐటీఐ మార్కుల మెరిట్ మీదే అప్రెంటిస్‌లని తీసుకుంటారు.

రిటైర్డ్ ఫోర్‌మన్

ముప్పై ఏళ్లకి పైగా ఎంతోమంది అప్రెంటిస్‌లకి పని నేర్పాను. ఇందాకటి నుంచి చదువుతున్నాను, ఒక మాట రాయాలనిపించింది.

ప్రభుత్వం స్టైపెండ్ లెక్క వేసేటప్పుడు చదువుని బట్టి వేసింది. టెన్త్‌కి ఇంత, ఐటీఐకి ఇంత అని. ఇంటికీ గేటుకీ మధ్య దూరం ఆ లెక్కలో ఎక్కడా లేదు. విశాఖలో ఐటీఐలు ఊరి మధ్యలో ఉన్నాయి, ఫ్యాక్టరీలు పరవాడ, అచ్యుతాపురం దాకా పోయాయి. మా కాలంలో మల్కాపురం, గాంధీగ్రాం చుట్టుపక్కలే పనులు, సైకిల్ మీద పోయేవాళ్లం. ఇప్పుడు ఆ స్టైపెండ్‌తోనే పిల్లవాడు ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి. 2025లో కేంద్రం దేశంలో వెయ్యి ప్రభుత్వ ఐటీఐల్ని బాగుచేయడానికి 60,000 కోట్ల పథకం ప్రకటించింది. మంచిదే, మిషన్లు పాతబడ్డాయి, కొత్తవి రావాలి. దాంతోపాటు అప్రెంటిస్ కాంట్రాక్ట్ నంబరు చూపిస్తే స్టూడెంట్ లాగానే బస్ పాస్ ఇచ్చేటట్టు, షిఫ్ట్ టైముకి ఫార్మా సిటీ గేటు దాకా రెండు బస్సులు వేసేటట్టు చేస్తే, మధ్యలో మానేసేవాళ్లు సగానికి సగం తగ్గుతారని నా నమ్మకం. నా దగ్గర మానేసిన పిల్లల్లో పని రాక పోయినవాళ్లు తక్కువ. రావడం పోవడం తట్టుకోలేకే పోయారు. మంచి చెయ్యి ఉన్న కుర్రాళ్లు అలా పోతుంటే బాధగా ఉండేది.

అమ్మా, మీ అబ్బాయిని మెయింటెనెన్స్‌లో వేస్తారా అని అడగండి. వేస్తామంటే పంపండి. రోజూ ఏం నేర్చుకున్నాడో డైరీ రాయమనండి. ట్రేడ్ టెస్ట్‌కి అదే చదువు.

పెందుర్తి అమ్మ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కన్సల్టెన్సీ వాళ్లకి వద్దని చెప్పేశాను. బాబు పోర్టల్‌లో కాంట్రాక్ట్ తెరిచి చూస్తే ట్రేడ్ వేరేగా ఉంది, ఫిట్టర్ అని లేదు. సంతకం చేయకుండా కంపెనీకి మెయిల్ పెట్టాం. ట్రేడ్ ఫిట్టర్‌గా మార్చి మళ్లీ పంపుతామన్నారు, మెయింటెనెన్స్‌లోనే వేస్తారట. రైల్వే గురించి వాడితో మాట్లాడాను, వాడికి పంపులు, మోటార్లంటేనే ఇష్టం అన్నాడు.

బస్సు ఎన్‌ఏడీ దగ్గర ఎక్కాలట, తెల్లవారి ఐదుకి ముందే. అప్రెంటిస్‌లని ఎక్కించుకుంటామని రాసి పంపారు. పెందుర్తి నుంచి ఎన్‌ఏడీ వరకే ఇప్పుడు చూసుకోవాలి. పాప హెడ్‌మాస్టర్ గారిని సోమవారం కలుస్తాను.

లంకెలపాలెం రూమ్

ట్రేడ్ మారిన కాంట్రాక్ట్ వచ్చాక రిజిస్ట్రేషన్ నంబరు పడేదాకా ఆగి, అప్పుడు చేర్చండి. మా పిన్ని కొడుకు పెందుర్తిలోనే ఉంటాడు, పరవాడకే వెళ్తాడు, ఎన్‌ఏడీలో బండి పెట్టి బస్సు ఎక్కుతాడు. పెట్రోలు చెరిసగం అంటే వెనక సీటు ఇస్తాడు. నాకు మెసేజ్ పెట్టండి, వాడితో మాట్లాడిస్తాను.