అప్‌డేట్: ప్లేనర్‌కు ఒకటి, శాండర్‌కు మరొకటి

ప్లేనర్‌కూ (చెక్కను చిత్రిక పట్టే యంత్రం) శాండర్‌కూ (చెక్కను రుద్ది నునుపు చేసే యంత్రం) కలిపి ఒకే డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్ (పొట్టును, ధూళిని పీల్చే యంత్రం) సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. మీ సమాధానాలు చదివాక రెండు వేర్వేరు ఎక్స్‌ట్రాక్టర్లు తీసుకున్నాను. ప్లేనర్ వదిలే చిత్రిక పొట్టును లాగడానికి ఎక్కువ గాలి ప్రవహించాలి కనుక దానికి 100 మి.మీ. గొట్టం ఉన్న యంత్రాన్ని బిగించాను. శాండర్‌కు ఉండే సన్నని గొట్టంలో గాలి వేగంగా కదలాలంటే పీల్చే ఒత్తిడే ముఖ్యం కనుక, 99.9 శాతం ధూళిని ఆపగల ఎం క్లాస్ (ధూళిని ఆపే సామర్థ్యాన్ని బట్టి ఇచ్చే శ్రేణి) వాక్యూమ్‌ను ఎంచుకున్నాను. పెద్ద యంత్రంతో వచ్చిన గుడ్డసంచి సన్నని ధూళిని తిరిగి గదిలోకే వదులుతున్నందున (ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఆ ధూళే) దాని స్థానంలో సన్నని ధూళిని ఆపే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ అమర్చాను. చప్పుడు మాత్రం తగ్గలేదు. ముడతల గొట్టాన్ని వీలైనంత పొట్టిగా కత్తిరించాక ప్లేనర్ కింద పొట్టు పేరుకోవడం దాదాపు ఆగిపోయింది.