చర్చ: ఊరు చల్లబడ్డాక కూడా వీడని భయం జాగ్రత్తా, జబ్బా?

పత్తికొండ వాసి: మా ఊళ్ళో ఫ్యాక్షన్ గొడవలు సద్దుమణిగి చాలా ఏళ్ళయింది. అయినా మా పెదనాన్న హోటల్లో టీ తాగాలన్నా వీధి కనబడేలా గోడకు ఆనుకునే కూర్చుంటారు. పెళ్ళిలో పటాసులు పేలితే ఉలకరు గానీ, రాత్రి కుక్కల అరుపులు ఆగిపోతే మాత్రం లేచి మిద్దెక్కి చూస్తారు. ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బంటున్నారు. నాటు బాంబుల కాలంలో ఆయన ప్రాణం కాపాడిన అలవాటుకు వైద్యమెందుకని నా వాదన.

కడప లెక్చరర్: ఆ అలవాటు అప్పట్లో అవసరమేనన్న మాట నేనూ ఒప్పుకుంటాను అన్నా. అయితే మాటు వేసినవారు దాడికి దిగేది ఊరు మాటుమణిగాకే కాబట్టి, ఆయన మనసు సందడిని కాక నిశ్శబ్దాన్నే ప్రమాద సంకేతంగా నేర్చుకుంది. ముప్పును పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం, మనం ఆలోచించేలోపే గుండె వేగాన్ని పెంచి ఒంటిని సిద్ధం చేస్తుంది. అందువల్ల "ఇప్పుడేం కాదులే" అన్న ఓదార్పు అక్కడిదాకా చేరదు. పైగా నిశ్చింతగా ఉన్నప్పుడు తగిలే దెబ్బ మరీ గట్టిగా తగులుతుందని, కొందరు ముందునుంచే దిగులును పట్టుకుని ఉంటారు. ప్రతిదానికీ అదేపనిగా దిగులుపడే సాధారణీకృత ఆందోళన రుగ్మత (GAD) విషయంలో న్యూమన్, లెరా అనే మనస్తత్వవేత్తలు 2011లో ప్రతిపాదించిన వివరణ దాదాపు ఇదే.

కర్నూలు కోడలు: 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పట్టణాన్ని ముంచినప్పటి నుంచి మా అత్తగారు ఇంటి పత్రాలు, బంగారం పై అంతస్తు బీరువాలోనే ఉంచుతారు. నదిలో ఇసుక మేటలు తప్ప చుక్క నీరు లేని ఎండాకాలంలో కూడా కిందికి దించరు. కానీ బీరువాకు తాళం వేశాక హాయిగా నిద్రపోతారు. చేయవలసింది చేశాక మనసు నెమ్మదిస్తే దాన్ని జాగ్రత్త అనవచ్చు. మీ పెదనాన్న మిద్దె దిగి వచ్చాక నిద్రపోతున్నారా?

పత్తికొండ వాసి: లేదండీ, తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. అయినా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళారని తెలిస్తే పాత పగవాళ్ళకు అలుసైపోతామన్నది ఆయన పట్టుదల. మన సీమలో ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం.

కడప లెక్చరర్: కొట్టిపారేయనక్కరలేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఇంట్లోనుంచే ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర పట్టడం లేదని చెబితే చాలు, ఫ్యాక్షన్ సంగతి మొదటే ఎత్తవలసిన పనిలేదు.