ప్రపంచ చరిత్ర ప్రాజెక్టుకి ఆన్‌లైన్ పత్రాలు చాలవా? పుస్తకాలు ఉండాల్సిందేనా?

పాతపేజీ:
ఎమ్మే హిస్టరీ ఫైనలియర్. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాదెక్ ప్రభుత్వాన్ని కూల్చేసిన ఘటన మీద ప్రాజెక్టు రాస్తున్నా. మా గైడ్ "నెట్ సరుకు వద్దు, పుస్తకాలు చూడు" అంటారు. మా లైబ్రరీలో దాని మీద పుస్తకాలు ఉంటేగా! నెట్‌లో చూస్తే అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి వేస్తూ వస్తున్న దౌత్య పత్రాల సంపుటాలు (ఫ్రస్ అంటారు) ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి. బ్రిటిష్ పార్లమెంటు చర్చలు 1803 నుంచి హాన్సార్డ్‌లో ఉన్నాయి, యేల్ లా స్కూల్ వాళ్ళ అవలాన్ ప్రాజెక్టులో నాజీల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణ రికార్డులు ఉన్నాయి. టెహ్రాన్ నుంచి అమెరికా రాయబారి కొట్టిన టెలిగ్రామ్ నా ఫోన్‌లోనే కనిపిస్తుంటే, దాన్ని చదివి ఇంకెవరో రాసిన పుస్తకం నాకెందుకు? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

మెస్‌బిల్లు:
నీకే నా ఓటు బ్రో. విదేశీ యూనివర్సిటీ ప్రెస్ పుస్తకం ఒక్కటి కొంటే ఆ నెల పస్తే.

కాగితంపులి:
పాతపేజీ గారూ, మీ వాదనని మీ టాపిక్కే దెబ్బకొడుతోంది. ఇరాన్ మీద ఫ్రస్ సంపుటం 1989లో వచ్చింది. అందులో ఆ కుట్రలో సీఐఏ పాత్ర గానీ బ్రిటన్ పాత్ర గానీ ఎక్కడా కనిపించదు, అసలేమీ జరగనట్టే ఉంటుంది. చరిత్రకారులు మండిపడ్డారు, ఆ సంపుటాలకి సలహా కమిటీ ఛైర్మన్‌గా ఉన్న వారెన్ కోహెన్ 1990లో రాజీనామా చేశాడు, ఆ గొడవ ముదిరి 1991లో ఏకంగా చట్టమే తెచ్చారు. అయినా సరైన సంపుటం వచ్చేసరికి 2017 జూన్ అయింది. ఈలోగా ఆ కుట్ర నడిపిన సీఐఏ అధికారి కెర్మిట్ రూజ్‌వెల్ట్ తన గొప్పలన్నీ 1979లోనే పుస్తకంగా వేసుకున్నాడు! అంటే 1990లో మీలాగే "పత్రాలే చాలు" అని కూర్చున్న స్టూడెంట్‌కి తెలియనిది, పుస్తకాల షాపుకెళ్ళినవాడికి తెలుసు. ఇంకో సంగతి, ఆ ఆపరేషన్ ఫైళ్ళు చాలావరకు 1960ల మొదట్లోనే నాశనం చేశారని 1997లో బయటపడింది. లేని కాగితాన్ని ఏ సైట్ స్కాన్ చేస్తుంది?

పాతపేజీ:
పుస్తకాలేమైనా సత్య హరిశ్చంద్రులా? 1962లో అమెరికా, సోవియట్‌ల మధ్య వచ్చిన క్యూబా మిస్సైళ్ళ సంక్షోభం మీద, అప్పటి అధ్యక్షుడు కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ పేరుతో 1969లో, ఆయన పోయాక, పుస్తకం వచ్చింది. టర్కీలోని అమెరికా జూపిటర్ మిస్సైళ్ళని తీసేస్తామన్న మాట సోవియట్‌తో బేరంలో భాగమని ఆయన డైరీల్లో స్పష్టంగా ఉన్నా, ఎడిట్ చేసిన టెడ్ సోరెన్సన్ దాన్ని తీసేశాడు. 1989లో మాస్కో సదస్సులో సోవియట్ మాజీ రాయబారి దొబ్రీనిన్ నిలదీస్తే అప్పుడు ఒప్పుకున్నాడు. 1962 అక్టోబర్ 27న దొబ్రీనిన్ మాస్కోకి పంపిన టెలిగ్రామ్ ఇప్పుడు విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్‌లో ఇంగ్లీషులో ఎవరైనా చదవొచ్చు. ఇక్కడ పుస్తకం దాచింది, పత్రం చెప్పింది. ఇరాన్ విషయంలోనూ అంతే, తన పాత్రని సీఐఏ ఒప్పుకున్న పత్రాన్ని 2013లో నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ బయటపెట్టింది ఆన్‌లైన్‌లోనే కదా. అది ప్రభుత్వ సంస్థ కాదు, జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉంటుంది, అమెరికా సమాచార హక్కు చట్టం కింద అడిగి రాబడతారు.

చాక్‌పీసు:
పీజీ వాళ్ళకి పాఠం చెప్తుంటాను. మీ ఇద్దరూ అచ్చయిన వాటి గురించే కొట్టుకుంటున్నారు, స్కాన్ కానివాటి మాటేంటి? కెన్యాలో బ్రిటిష్ పాలన మీద జరిగిన మౌ మౌ తిరుగుబాటు కాలంలో చిత్రహింసలు పడ్డ వృద్ధులు లండన్‌లో కేసు వేస్తే, తమ విదేశాంగ శాఖ స్థావరమైన హాన్‌స్లోప్ పార్క్‌లో 37 పాత వలస దేశాలకి చెందిన ఫైళ్ళు దాచి ఉంచామని బ్రిటన్ 2011లో ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటిదాకా అవి ఏ కేటలాగ్‌లోనూ లేవు. వలసలు వదిలి వచ్చేటప్పుడు తగలబెట్టించినవి వేరే. 2013లో 5,228 మందికి పరిహారంతో సహా ఒప్పందం కుదిరింది. కాబట్టి సెర్చ్ బాక్సులో "ఫలితాలు లేవు" అని వస్తే ఏమీ జరగలేదని అర్థం కాదు, పిల్లలకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పుస్తకం రాసినవాడు కనీసం ఏ పెట్టె తెరిచాడో, ఏది తెరవనివ్వలేదో ఫుట్‌నోట్లో చెప్తాడు. డబ్బు సమస్యంటే పరిశోధన పత్రికల సైట్ జేస్టోర్‌లో ఫ్రీ అకౌంట్‌తో నెలకి 100 వ్యాసాలు చదవొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అరువు పుస్తకాల మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి, ప్రచురణకర్తల కేసు వల్ల 5 లక్షలకి పైగా పుస్తకాలు తీసేశారు, 2024లో అప్పీల్లో కూడా ఆర్కైవ్ ఓడిపోయింది.

మెస్‌బిల్లు:
ఇంత టెన్షన్ ఎందుకని ఒక ఏఐ బాట్‌ని అడిగా. డాక్యుమెంట్ నంబరుతో సహా టకటకా ఇచ్చింది. తీరా తెరిస్తే ఆ నంబరులో ఉన్నది గోధుమల సాయం గురించి 😀

పాతపేజీ:
చాక్‌పీసు గారూ, తెరవనివ్వని పెట్టె సంగతి ఒప్పుకుంటా. కానీ 1989 సంపుటాన్నీ 2017 సంపుటాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకే తేదీకి దేన్లో ఏముందో, ఏం తీసేశారో చూపిస్తే అది పుస్తకం చదివి రాసినదానికంటే గట్టిగా ఉండదా?

కాగితంపులి:
ఉంటుంది, చెయ్యండి. పాత సంపుటం కూడా అదే సైట్‌లో ఉంది, తియ్యలేదు. కానీ రెండూ వాషింగ్టన్ వేసినవే. మొసాదెక్ వైపు నుంచి ఏం తెస్తారో చెప్పండి. ఫారసీ వచ్చా?