టోర్నమెంట్ పోకర్: న్యూజెర్సీలో ఉంటే ఆన్‌లైనా, అట్లాంటిక్ సిటీ టేబులా?

పార్క్‌వే ప్రయాణికుడు:
ఎడిసన్‌లో ఉంటున్నాను. పోకర్‌కు నెలకు 500 డాలర్లు దాటకూడదని ఇంట్లో ఒప్పందం. న్యూజెర్సీలో 2013 నవంబరు నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమే కనుక, ఇంట్లో కూర్చుని 20 డాలర్ల టోర్నమెంట్లు ఆడుకోవచ్చు. లేదా నెలకొకసారి కాసినోల ఊరు అట్లాంటిక్ సిటీకి వెళ్లి కాస్త పెద్ద పోటీ ఒకటి ఆడి రావచ్చు. దీనితో ఇల్లు గడుస్తుందన్న భ్రమ నాకు లేదు, నాకు ఆట వచ్చో రాదో తేలితే చాలు. లైవ్‌లో, అంటే నిజం టేబుల్ మీద, బ్లైండ్లు (ప్రతి ఆటకూ ముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) నిదానంగా పెరుగుతాయి కాబట్టి నైపుణ్యానికి చోటుంటుందనీ, ఆన్‌లైన్ ఉత్త లాటరీ అనీ మిత్రులు చెబుతున్నారు. ఎంతవరకు నిజం?

కృష్ణాతీరం:
మీ మిత్రుల మాటే నిజమండీ. పోకర్ ముక్కలతో పాటు మనుషులతోనూ ఆడే ఆట. ఫ్లాప్ అనే మూడు ఉమ్మడి ముక్కలు టేబుల్ మీద పడగానే ఎదుటివాడి చూపు ముక్కల మీద నిలిచిందా, చటుక్కున తన చిప్స్ (పందెం బిళ్లల) వైపు మళ్లిందా అన్నది గమనించగలిగినవాడికి సగం ఆట తెలిసిపోతుంది. ఆ చూపు తెర మీద కనబడదు. లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌నే తీసుకోండి. బై-ఇన్, అంటే పోటీలో చేరేందుకు కట్టే సొమ్ము, 10,000 డాలర్లు, చేతికి 60,000 చిప్స్ ఇచ్చి 100, 200 బ్లైండ్లతో మొదలుపెడతారు, ఒక్కో లెవెల్ (బ్లైండ్లు మారకుండా ఉండే వ్యవధి) రెండు గంటలు నడుస్తుంది. ఆన్‌లైన్‌లో అంత తీరిక ఎక్కడిది?

బుడమేరు:
కృష్ణాతీరం గారూ, మెయిన్ ఈవెంట్ విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. అయితే పార్క్‌వే గారు ఆడబోయేది మెయిన్ ఈవెంట్ కాదు కదా. సాధారణ కాసినోలో వారం మధ్యలో పెట్టే చిన్న పోటీలో లెవెల్ ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. డీలర్ ముక్కలు కలిపి, పంచి, చిప్స్ లెక్కపెట్టి, ఎవరో ఒకరు ఫోన్ చూసుకుంటూ తన వంతు మరచిపోతే గుర్తుచేసి ఆట నడిపేసరికి గంటకు 25 నుంచి 30 హ్యాండ్లు (పంపకాలు) పడతాయి. అంటే లెవెల్‌కు ఎనిమిదో పదో హ్యాండ్లు, టేబుల్ చుట్టూ ఒక్క చుట్టు. ఆన్‌లైన్‌లో ఒక్క టేబుల్ మీదే గంటకు అరవై, డెబ్భై హ్యాండ్లు వస్తాయి కాబట్టి, ఎనిమిది నిమిషాల లెవెల్‌లోనూ దాదాపు అన్నే ఆడతారు. నిదానం గోడ గడియారానికే గాని ఆటకు కాదు. మెయిన్ ఈవెంట్‌లో రెండు గంటల లెవెల్‌కు యాభై, అరవై హ్యాండ్లు పడతాయి. లోతైన ఆట అంటే అది. మన జేబుకు అందే లైవ్ పోటీలో ఆ లోతు లేదు.

ఇక అసలు ప్రశ్న, ఆట వచ్చో రాదో తేలడం. టోర్నమెంట్లలో దాదాపు ఏడుగురిలో ఒకరికే సొమ్ము దక్కుతుంది. సగటు ఆటగాడు ఏడింటిలో ఒకసారి, బాగా ఆడేవాడు ఐదింటిలో ఒకసారి సొమ్ము తెచ్చుకుంటారనుకుందాం. నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండు పోటీలు ఆడితే మంచి ఆటగాడికి సగటున రెండున్నరకు కాస్త తక్కువ, మామూలువాడికి రెండుకు కాస్త తక్కువ వస్తాయి. పన్నెండింటిలోనూ ఖాళీ చేతులతో తిరిగివచ్చే అవకాశం మామూలువాడికి సుమారు 16 శాతమైతే, మంచివాడికీ 7 శాతం ఉంటుంది. ఆ ఫలితం చూసి ఎవరు ఎవరో చెప్పగలరా? అదే 500 డాలర్లతో నెలకు పాతిక చొప్పున ఆన్‌లైన్‌లో ఏడాదికి 300 పోటీలు ఆడితే మంచివాడికి సుమారు 60, మామూలువాడికి సుమారు 43 వస్తాయి. అదీ పూర్తిగా నమ్మదగిన కొలత కాదు, ఎందుకంటే బహుమతి సొమ్ములో పెద్ద వాటా పై మూడు నాలుగు స్థానాలకే పోతుంది కనుక చేతికొచ్చే డబ్బు ఇంకా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అయినా ఏదో ఒకటి కనబడుతుంది.

నిర్వాహకుల రుసుము సంగతీ చూసుకోండి. ఆన్‌లైన్‌లో బై-ఇన్‌లో పదో వంతు దరిదాపుల్లో తీసుకుంటే, చిన్న లైవ్ పోటీల్లో ఐదో వంతు దాకా పోవడం మామూలే. దానిమీద పెట్రోలు, పార్క్‌వే రహదారి టోలు, తిండి.

కృష్ణాతీరం:
లెక్క బాగుంది, కాని ఆన్‌లైన్‌లో మీరు ఆడుతున్నది మనిషితోనా, పక్కన సాల్వర్ (ఏ ఎత్తు మేలో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాం) తెరిచి పెట్టుకున్నవాడితోనా అన్నది ఎలా తెలుస్తుంది? 2007, 2008లలో అబ్సల్యూట్ పోకర్, అల్టిమేట్‌బెట్ సైట్లలో లోపలివాళ్లే అందరి ముక్కలూ చూస్తూ ఆడిన వ్యవహారం బయటపడలేదా?

బుడమేరు:
బయటపడింది, కాని ఎలా? నష్టపోయిన ఆటగాళ్లు తాము దాచుకున్న హ్యాండ్ల చరిత్రను తవ్వి చూసి, గెలుపు అంత నిలకడగా రావడం మనిషికి సాధ్యం కాదని నిరూపించారు. ఆన్‌లైన్‌లో ప్రతి పందెమూ నమోదై ఉంటుంది. లైవ్‌లో మోసమే లేదంటారా? 2014 జనవరిలో అట్లాంటిక్ సిటీ బోర్గాటా కాసినోలో ఒక ఆటగాడు నకిలీ చిప్స్‌ను ఆటలోకి దించడంతో పోటీనే ఆపేయాల్సి వచ్చింది. మిగిలినవాటిని అతను బస చేసిన హోటల్ టాయిలెట్‌లో వదిలించుకోబోతే గొట్టాలు పూడుకుపోయాయి! సాల్వర్ బెడద నిజమే, అయితే అది పెద్ద పందేల దగ్గర ఎక్కువ, 20 డాలర్ల పోటీలో తక్కువ.

మూసీ ఒడ్డు:
హైదరాబాదులో ఉన్న మాకు ఈ చర్చ వింతగా ఉంది. రమ్మీ నైపుణ్యమున్న ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. అయినా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి, 2025 ఆగస్టులో దేశమంతటికీ నిషేధ చట్టం వచ్చింది. మాకు గోవాలో మాండవి నది మీద పడవ కాసినోలే గతి. పార్క్‌వే గారూ, సెలవుల్లో ఇక్కడికొచ్చి మీ ఖాతా తెరవాలనుకోకండి; న్యూజెర్సీ సైట్లు మీరు ఆ రాష్ట్రంలోనే ఉన్నట్లు తేలితే తప్ప డబ్బుతో ఆడనివ్వవు.

పార్క్‌వే ప్రయాణికుడు:
అయితే ఏడాది పాటు ఆన్‌లైన్ ఆడి ప్రతి పోటీనీ రాసిపెట్టుకుంటాను. ఒక్కసారైనా బోర్గాటాలో కూర్చోవాలన్న సరదా మాత్రం పోవడం లేదు. 2003లో క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ ద్వారా మెయిన్ ఈవెంట్‌లోకి వచ్చి 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లిన కథ వినని వాళ్లెవరు? ఎప్పుడూ తెర మీదే ఆడినవాడు తొలిసారి టేబుల్‌కు వెళితే ఎక్కడ తడబడతాడు?

కృష్ణాతీరం:
చిప్స్ దగ్గర. బ్లైండ్లు 100, 200 ఉన్నప్పుడు మీరు నోరు విప్పకుండా 1,000 చిప్ ఒక్కటి ముందుకు తోస్తే అది రెయిజ్ (పందెం పెంచడం) కాదు, 200 కాల్ (ఉన్న పందేనికి సరిపెట్టడం) కిందే లెక్క. కొన్ని చిప్స్ పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ కొన్ని పెడితే మొదటిసారి పెట్టినవే చెల్లుతాయి. ముందు మొత్తం నోటితో చెప్పి, ఆ తర్వాతే చిప్స్ ముట్టుకోండి. మీరు తిరిగొచ్చాక బుడమేరు గారి లెక్క మీద మళ్లీ వాదిస్తాను, అందాక ఒప్పుకునేది లేదు.

బుడమేరు:
వాదించండి, ఎదురుచూస్తాను. పార్క్‌వే గారూ, రాసిపెట్టుకునే పుస్తకంలో తేదీ, బై-ఇన్, వచ్చిన సొమ్ము విడివిడిగా వేయండి. 2025 జులైలో వచ్చిన అమెరికా పన్ను చట్టం ప్రకారం 2026 నుంచి జూద నష్టాల్లో 90 శాతాన్నే గెలుపు నుంచి మినహాయించుకోనిస్తారు కాబట్టి, 300 పోటీలు ఆడేవారి మీదే ఆ భారం ఎక్కువ పడుతుంది. నా లెక్కలో నేను వేయని ఖర్చు అదొక్కటి.