నాచు సంచులా, కానుగాకా? కాజీపేట–ములుగు రోడ్డు గాలిలో సీసం, జింకు చూడటానికి

ప్రశ్న:
డిగ్రీ పిల్లల ప్రాజెక్టు. కాజీపేట నుంచి ములుగు రోడ్డు దాకా ఆరు చోట్ల గాలిలో సీసం, జింకు, రాగి ఎక్కడ ఎక్కువో చూడాలి. గాలి పీల్చి దుమ్ము పట్టే శాంప్లర్ మిషన్లకు బడ్జెట్ లేదు. రోడ్డు పక్క కానుగాకు కోస్తే సరిపోతుందా? నాచు సంచులు వేలాడదీస్తే గాలిలో దుమ్ము, లోహాలు పడతాయంటారు, కానీ నాచు మన ఎండలకు బతకదు కదా?

జవాబు 1:
బతకక్కర్లేదు సార్, చచ్చిన నాచే మేలు. పెరగదు కాబట్టి లెక్క చెడదు. నర్సరీల్లో ఆర్కిడ్ కుండీలకు అమ్మే స్ఫాగ్నమ్ అనే నాచు తీసుకోండి. డిస్టిల్డ్ వాటర్‌లో మూడుసార్లు కడిగి ఓవెన్‌లో 50, 80, 120 డిగ్రీల దగ్గర ఎనిమిదేసి గంటలు ఉంచండి. 2 మి.మీ. కన్నులున్న నైలాన్ వలతో 10×10 సెం.మీ. సంచి కుట్టి 2 గ్రాములు వదులుగా వేయండి. కుక్కితే లోపలి నాచుకు గాలి తగలదు, గ్రాముకు వచ్చే అంకె పడిపోతుంది. చోటుకు మూడు సంచులు, 4 మీటర్ల ఎత్తున, ఆరు వారాలు. అన్నీ ఒకేరోజు కట్టి ఒకేరోజు దించండి. ట్రాఫిక్ తక్కువుండే పాకాల అడవి వైపు ఒక సెట్ కడితే పోల్చుకోవడానికి ఉంటుంది. బయట కట్టని ఐదు సంచులు మూసిపెట్టి ఉంచండి, అవి లేకపోతే మొదట్లో నాచులో ఎంతుందో తెలియదు.

జవాబు 2:
జీఐ తీగతో మాత్రం కట్టకండి. దాని పూతే జింకు! నైలాన్ దారం వాడండి. వానాకాలం వద్దు, పట్టిన దుమ్ము కొట్టుకుపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది.
కానుగాకుతో చిక్కేమిటంటే, జింకు, రాగి చెట్టుకు కావాల్సినవే, వేళ్ల నుంచీ వస్తాయి. ఆకు వాడాల్సిందే అంటే ఒకే ఎత్తు, ఒకే ముదురు ఆకులు కోసి సగం కడిగి, సగం కడగకుండా పరీక్ష చేయండి. ఆ తేడాయే పైన పట్టిన దుమ్ము.

మళ్లీ ప్రశ్న:
రిపోర్టులో ‘సీసం పరిమితి దాటింది’ అని రాయొచ్చా? కాలేజీలో ఫ్లేమ్ ఏఏఎస్ (మంటలో లోహాన్ని కొలిచే మిషను) ఉంది.

జవాబు 3:
రాయొద్దు. 2009 జాతీయ ప్రమాణం ఘనపు మీటరు గాలికి రోజు సగటు 1, ఏడాది సగటు 0.5 మైక్రోగ్రాము. మీకొచ్చేది గ్రాము నాచుకు ఎంత అన్నది. ఫలానా చౌరస్తాలో పాకాల కంటే ఇన్ని రెట్లు అనండి, చాలు. అల్యూమినియం కూడా కొలిపించండి, అది ఎక్కువగా మట్టి నుంచి వచ్చేది. అదీ అదే రెట్లలో పెరిగితే మీరు చూస్తున్నది చాలావరకు రోడ్డు మట్టే.
ఫ్లేమ్ సంగతి: 0.5 గ్రాముల నాచు, 65% నైట్రిక్ యాసిడ్ 7 మి.లీ., హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 మి.లీ. పోసి, పొంగు తగ్గాకే మూత బిగించి నాచును యాసిడ్‌లో కరిగించే మైక్రోవేవ్ డైజెస్టర్‌లో పెట్టండి. గ్రాముకు 2 మైక్రోగ్రాముల సీసం ఉందనుకుందాం. 50 మి.లీ.కి పలచన చేస్తే లీటరుకు 0.02 మిల్లీగ్రామే. ఫ్లేమ్ దాన్ని నమ్మకంగా పట్టదు. జింకు వరకు అక్కడ చూసుకోండి, సీసానికి గ్రాఫైట్ ఫర్నేస్ (ఇంకా తక్కువ మోతాదుల్నీ పట్టే ఏఏఎస్) ఉన్న ల్యాబ్‌కు పంపాల్సిందే.