చారిత్రక భవనానికి ట్రస్టు: ఆదాయం ఎలా, అధికారం ఎవరికి?

ప్రశ్న

వందేళ్లు దాటిన ఒక భవనాన్ని వారసులు ప్రజోపయోగానికి అప్పగించేందుకు ముందుకొచ్చారు. దాన్ని స్వీకరించే ట్రస్టుకు నియమావళి రాసే బాధ్యత మా చిన్న బృందం మీద పడింది. పైకప్పు, గోడల మరమ్మతుకు దాతలు సిద్ధంగానే ఉన్నారు కానీ, ఆ తరువాత ఏటా అయ్యే ఖర్చు ఎక్కడి నుంచి రావాలో తేలడం లేదు. ఒక హోటల్ సంస్థ దీర్ఘకాలిక లీజు అడుగుతోంది. టికెట్టు పెట్టి ప్రదర్శనశాలగా నడపాలని మాలో కొందరి అభిప్రాయం. భవనం రూపు చెడకుండా తన ఖర్చు తాను భరించుకునే మార్గం ఏది? ధర్మకర్తల మండలిలో డబ్బు తెచ్చేవారికి, భవనం సంగతి తెలిసినవారికి అధికారాన్ని ఎలా పంచాలి?

మొదటి జవాబు (ట్రస్టుల ఆడిటర్)

ఆదాయమార్గం వెతికే ముందు నిర్వహణ ఖర్చు లెక్క కట్టండి. పునరుద్ధరణకు విరాళమిచ్చేవారు దొరుకుతారు. వానల ముందు నీటి గొట్టాలు శుభ్రం చేయించడానికి, జారిన పెంకు సర్దించడానికి ఎవరూ ఇవ్వరు. పాత కట్టడాలు ఎక్కువగా పాడయ్యేది ఆ చిన్న పనులు ఏళ్ల తరబడి ఆగిపోవడం వల్లనే. బ్రిటన్‌లో చారిత్రక భవనాలను కాపాడేందుకు 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ, ఒక పెద్ద ఇంటిని ఉచితంగా ఇస్తామన్నా, దాని భవిష్యత్ నిర్వహణకు సరిపడే మూలనిధి సమకూరనిదే సాధారణంగా తీసుకోదు. దాతలతో మీరూ ఇప్పుడే ఈ మాట మాట్లాడాలి. మరమ్మతులు పూర్తయ్యాక అడిగితే వారి ఉత్సాహం అలాగే ఉంటుందని నేననుకోను.

టికెట్టు మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. సిబ్బంది జీతాలు, భద్రత, బీమా పోగా మరమ్మతులకు మిగిలేది చాలాచోట్ల స్వల్పం. నెదర్లాండ్స్‌లో 1973లో మొదలైన మాన్యుమెంటెన్‌వాఖ్ట్ పద్ధతిని గమనించండి: చందా కట్టిన యజమానుల భవనాలను నిపుణులు క్రమం తప్పకుండా పరిశీలించి, చిన్న లోపాలను అక్కడికక్కడే సరిచేసి, మిగతావాటిపై నివేదిక ఇస్తారు. అలాంటి తనిఖీకి మీ నియమావళిలోనే ఏటా కొంత సొమ్ము కేటాయించండి.

రెండో జవాబు (సంరక్షణ వాస్తుశిల్పి)

హోటల్ ప్రతిపాదనను వెంటనే తోసిపుచ్చకండి, వెంటనే ఒప్పుకోకండి కూడా. సమాజానికి పనికొచ్చే వాడుక కట్టడాన్ని కాపాడుతుందని చారిత్రక కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయ మార్గదర్శక పత్రమైన 1964 నాటి వెనిస్ చార్టర్ ఐదో అధికరణమే చెబుతుంది. అయితే ఆ వాడుక కోసం భవనం అమరికనూ అలంకరణనూ మార్చకూడదని కూడా అదే అధికరణం నిర్దేశిస్తుంది. హోటల్ అంటే గదికొక స్నానాలగది, లిఫ్టు, ఏసీ గొట్టాలు, అగ్నిప్రమాద సమయంలో బయటపడే దారులు. గోడలకు తూట్లు పొడవకుండా ఇవన్నీ అమరుతాయా అన్నది మీ భవనం కొలతలే చెప్పాలి. స్పెయిన్‌లో పారడోర్ల పేరిట కోటలు, మఠాలు హోటళ్లుగా నడుస్తున్న మాట నిజమే కానీ, వాటిని నడిపే సంస్థ ప్రభుత్వానిది, పైగా ఆ కట్టడాలు విశాలమైనవి. చిన్న భవనానికి బ్రిటన్‌లోని లాండ్‌మార్క్ ట్రస్ట్ దారి నాకు మేలనిపిస్తుంది. 1965 నుంచి అది శిథిలమవుతున్న కట్టడాలను విరాళాలతో బాగుచేసి, కొద్దిరోజుల విడిదికి అద్దెకిస్తూ, ఆ అద్దెతో వాటి నిర్వహణ చూసుకుంటోంది. ఒకేసారి ఉండేది కొద్దిమందే కనుక కట్టడం మీద భారం తక్కువ.

లీజు తప్పదనుకుంటే, అప్పగించే నాటి స్థితిని గది గదికీ కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేసి ఒప్పందానికి జతపరచండి. సున్నపు గోడకు సిమెంటు పూయరాదన్న షరతు తప్పక ఉండాలి. సిమెంటు గోడలోని తేమను బయటికి పోనివ్వదు. లోపలి మెత్తని ఇటుక క్రమంగా పొడిగా రాలిపోతుంది.

మూడో జవాబు (న్యాయవాది)

అధికారం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. డబ్బు నిర్ణయాలనూ కట్టడం నిర్ణయాలనూ ఒకే మండలి ఒకే ఓటుతో తీసుకుంటే, ఆదాయం తగ్గిన ఏడాది ఎప్పుడూ డబ్బే నెగ్గుతుంది. అందుచేత గోడలు, పైకప్పు, అమరికలను మార్చే ప్రతి పనికీ విడిగా ఒక నిపుణుల సంఘం అనుమతి తప్పనిసరి చేయండి. ఆ సంఘం నిర్ణీత గడువులో, కారణాలతో లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కూడా రాయండి, లేకపోతే పనులు ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. లీజుదారుతో గానీ గుత్తేదారుతో గానీ సంబంధమున్నవారు మండలిలోనూ, నిపుణుల సంఘంలోనూ ఉండరాదు. దాతలకు ఒకటి రెండు స్థానాలు ఇవ్వవచ్చు, మెజారిటీ మాత్రం ఇవ్వకండి.

బ్రిటన్‌లో 1907 చట్టం ప్రకారం నేషనల్ ట్రస్ట్ అన్యాక్రాంతం చేయరానిదిగా ప్రకటించిన ఆస్తిని, ఆ దేశ పార్లమెంటు ప్రత్యేక అనుమతి లేనిదే అమ్మడానికి వీల్లేదు. మీ ట్రస్టుకు అంతటి రక్షణ దొరకకపోయినా, భవనాన్ని తాకట్టు పెట్టరాదని, ట్రస్టు రద్దయితే అదే ఆశయమున్న మరో సంస్థకే చెందాలని దస్తావేజులోనే రాయించవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మూలనిధి విషయం వచ్చే సమావేశంలోనే దాతల ముందు పెడతాము. ఒక్క సందేహం మిగిలింది: ముప్పై ఏళ్లకు తక్కువైతే లీజు తనకు గిట్టదని హోటల్ సంస్థ అంటోంది. అది న్యాయమైన కోరికేనా?

న్యాయవాది

మరమ్మతు ఖర్చు లీజుదారు పెడితే న్యాయమే, పెట్టుబడి తిరిగి రావడానికి కాలం కావాలి. మీ విషయంలో ఆ ఖర్చు దాతలు భరిస్తున్నారు. కాబట్టి పదేళ్లకు ఇచ్చి, తనిఖీ నివేదికలు సంతృప్తికరంగా ఉంటేనే పొడిగిస్తామనండి. అద్దెలో కొంత భాగం నేరుగా మరమ్మతుల ఖాతాకే జమ కావాలన్న షరతును ఆ ఒప్పందంలోనే చేర్చండి.